దువ్వెన గుర్తు మేస్త్రి

ఆ ఆదివారం ఉదయం తాళాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బయలుదేరాలి. మూడో వీధిలో అరవై గడపలు ఎక్కాలి. గడపకొక కరపత్రం, కరపత్రానికొక నవ్వు చొప్పున పంచేసి, పన్నెండింటికల్లా ఇంటికొచ్చి భోజనానికి కూర్చోవాలి. పోలింగు బుధవారం. ప్రచారానికి మిగిలింది ఈ ఒక్క పూటే అన్నట్టు బావమరిది తెల్లవారకముందే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

బావమరిదికి జిరాక్సు షాపుంది. ఊళ్ళో అందరూ అతన్ని మైకు అంటారు. గొంతు తగ్గించి మాట్లాడటం అతనికి పుట్టాక ఎవరూ నేర్పలేదు.

"బావా, మూడే మూడు సూత్రాలు చెబుతా, గుర్తుపెట్టుకో. ఒకటి, మనిషి మొహంలోకి చూడు. రెండు, నవ్వు. మూడు, తలుపు వంక చూడకు," అన్నాడు మైకు.

"తలుపు కొట్టకుండా మనిషి బయటికెలా వస్తాడురా?"

"కొట్టు బావా. చూడకు."

అది మేస్త్రికి అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు. ఇరవయ్యారేళ్ళుగా ఆ ఊళ్ళో తాళాలు బాగుచేస్తున్న మనిషి. ఎవరి మొహమూ ఆయనకు గుర్తుండదు, ఎవరి తాళమూ మరిచిపోడు. బజార్లో పలకరించినవాణ్ణి పోల్చుకోలేక తికమకపడి, ఇల్లు ఎక్కడో చెప్పగానే, "ఓ, మీరా! మీది గడియ కాస్త పైకెత్తి తిప్పాలి కదూ," అని ఆప్యాయంగా భుజం తడతాడు.

అలాంటివాడు ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డాడంటే, గొయ్యి వల్ల. ఊరు పెరుగుతోంది. నిన్న ఖాళీ స్థలం ఉన్నచోట ఇవాళ నాలుగంతస్తులు లేస్తున్నాయి, కొత్త తలుపులు, కొత్త తాళాలు, మేస్త్రికి చేతినిండా పని. ఊరితో పాటు గోతులూ పెరిగాయి. మేస్త్రి షాపు ముందు మొదట నీళ్ళ గొట్టానికని తవ్వి పూడ్చారు. తరువాత తీగలకని తవ్వి పూడ్చారు. మూడోసారి ఎందుకు తవ్వారో తవ్వినవాళ్ళకే తెలియదు కాబట్టి పూడ్చకుండా వెళ్ళిపోయారు. మేస్త్రి భార్య ఒక మధ్యాహ్నం కారియరు పట్టుకుని వస్తూ అందులో పడింది. చీలమండ విరిగి ఆరు వారాలు మంచం మీద ఉంది.

మేస్త్రి మునిసిపాలిటీ ఆఫీసుకు ఎనిమిదిసార్లు తిరిగాడు. ఎనిమిదోసారి గుమాస్తా విసుక్కున్నాడు. "మీ వార్డు కౌన్సిలరు చెబితేగాని పని కాదు."

"టైల్స్ షావుకారే కదండీ? ఆయనేమో మిమ్మల్ని అడగమన్నాడు."

"అయితే మీరే కౌన్సిలరైపోండి, గొడవ వదిలిపోతుంది!"

ఇంటికొచ్చి ఆ మాట తమాషాగా చెప్పాడు మేస్త్రి. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకున్న భార్య మాత్రం నవ్వలేదు. "అవ్వండి మరి," అంది. అలా రెండుసార్లు వరసగా గెలిచిన టైల్స్ షావుకారు మీద తాళాల మేస్త్రి పోటీకి దిగాడు. షావుకారుది నిచ్చెన గుర్తు. మేస్త్రి తాళంచెవి అడిగితే అది జాబితాలో లేదన్నారు. దువ్వెన ఇచ్చారు. మేస్త్రి నెత్తి మీద వెంట్రుక లేదు. ఊరంతా పడీపడీ నవ్వింది. "నవ్వనివ్వండి, నవ్వినవాళ్ళెవరూ గుర్తు మరిచిపోరు," అంది భార్య.

ప్రచారం అనుకున్న వేళకే మొదలైంది. మొదటి ఇంట్లో తలుపు కిర్రుమంది. మేస్త్రి జేబులోంచి నూనె సీసా తీసి రెండు చుక్కలు వేశాడు. రెండో ఇంట్లో గొళ్ళెం వదులుగా ఉంది. మూడో ఇంట్లో తలుపు నేలకు రాసుకుంటోంది. పదింటికి చూస్తే అరవై గడపల్లో నాలుగు అయ్యాయి, నాలుగో గడపలో మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని మర బిగిస్తున్నాడు.

"బావా, నువ్వు ఓట్లడగడానికొచ్చావా, కూలికొచ్చావా?" అని తల పట్టుకున్నాడు మైకు. "నా ఫోనులో చార్జింగ్ అయిపోయింది. షాపుకెళ్ళి పది నిమిషాల్లో వస్తా. వచ్చాక నీ ప్రచారం లైవులో పెడతాను. అందాకా ఏ తలుపూ ముట్టుకోకు. నామీద ఒట్టు!"

మేస్త్రి ఆ మాటకు కట్టుబడే ఐదో ఇంటి వైపు నడిచాడు. అది కొత్తగా కట్టిన ఇల్లు. గేటుకు ఇంకా పేరు పలక కూడా బిగించలేదు. నున్నటి చెక్క తలుపు, దానికి బయటి ఊరి తాళం. ఆ తాళం ముందు ఒక ముసలావిడ చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది.

"నాయనా, నాయనా! పేపరు తీసుకుందామని ఇలా వచ్చాను, గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. లోపల స్టవ్ మీద పాలున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరినైనా పిలుచుకొస్తావా?"

ఎవరినీ పిలవక్కర్లేదని ఆవిడకు తెలియదు. మేస్త్రి కరపత్రాల కట్ట చంకలో ఇరికించుకుని, సంచిలోంచి రెండు తీగలు తీసి, తాళానికి చెవి ఆనించాడు.

"నువ్వు తాళాలు తీస్తావా?" అంది ముసలావిడ ఆశ్చర్యంగా.

"నా పని అదేనమ్మా."

"ఒక్క మాట చెబుతాను, మా అబ్బాయికి మాత్రం తెలియనివ్వకు. పోయిన నెల గిన్నె మాడ్చానని, ఇక స్టవ్ ముట్టుకోనని వాడు నాచేత మాట తీసుకున్నాడు. ఇది తెలిస్తే నన్ను మళ్ళీ మా పెద్దవాడి దగ్గరికి పంపేస్తాడు. అక్కడ నాకు గాలాడదు నాయనా."

"నేను చెప్పనమ్మా."

"నిజంగా?"

"తాళం తీసేవాడు ఇంటి సంగతి బయట చెబితే, వాణ్ణి మళ్ళీ గడప తొక్కనిస్తారా ఎవరైనా?"

సరిగ్గా ఆ సమయానికి మైకు వచ్చాడు. రావడం కూడా లైవుతోనే వచ్చాడు. ఫోను ఎత్తి పట్టుకుని వీధి మొదటి నుంచే అరుస్తున్నాడు. "చూడండి ప్రజలారా! ప్రచారంలో కూడా ప్రజాసేవే! దువ్వెన గుర్తు మీద పోటీ చేస్తున్న మన మేస్త్రిగారు..." ఫోను కనబడగానే ముసలావిడ చటుక్కున గోడ చాటుకు తప్పుకుంది. అందుకని ఊళ్ళో ఆ లైవు చూసినవాళ్ళందరికీ కనిపించింది ఇంతే: మేస్త్రి వంగి ఒక తాళంలో తీగ తిప్పుతున్నాడు, తలుపు తెరుచుకుంది, మేస్త్రి లోపలికి పరుగెత్తాడు.

లోపల పాలు అప్పుడే పొంగు మీదున్నాయి. మేస్త్రి కరపత్రాల కట్ట హాలులో బల్ల మీద పడేసి, వంటింట్లోకెళ్ళి స్టవ్ కట్టేసి, పొంగిన నాలుగు చుక్కలూ గుడ్డతో తుడిచేసి, వస్తూ వస్తూ బల్ల మీది కట్ట తీసుకుని బయటికొచ్చాడు. తలుపు మాత్రం ఈసారి పడకుండా ఒక ఇటుక అడ్డం పెట్టాడు.

"ఆరో ఇల్లు!" అన్నాడు మైకుతో, ఉత్సాహంగా.

ఆరో ఇంట్లో, ఏడో ఇంట్లో, ఎనిమిదో ఇంట్లో ప్రచారం చక్కగా సాగింది. మేస్త్రి నవ్వాడు, నమస్కారం పెట్టాడు, తలుపు వంక ఓరగా మాత్రమే చూశాడు, కరపత్రం చేతిలో పెట్టాడు. తొమ్మిదో ఇంట్లో ఉన్న లెక్కల టీచరమ్మ కరపత్రాన్ని కళ్ళద్దాలు సర్దుకుని చదివింది.

"ఏమండీ, మీరు నిచ్చెనకు వేయమంటున్నారా?"

"దువ్వెనకమ్మా."

"ఇందులో నిచ్చెనుంది. టైల్స్ షావుకారి ఫోటో ఉంది. 'మీ సేవలో మూడోసారి' అని ఉంది."

మేస్త్రి చేతిలోని కట్ట వంక చూసుకున్నాడు. ఒక్కొక్క కరపత్రంలోంచీ టైల్స్ షావుకారు చిరునవ్వు నవ్వుతున్నాడు. మైకు కూడా ఫోను దగ్గరగా పెట్టి చూశాడు. లైవు ఇంకా నడుస్తూనే ఉంది.

"బావా," అన్నాడు మైకు, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి, "నువ్వు ఇందాక దూరింది ఎవరింట్లో?"

షావుకారు మూడు వారాల కిందటే బజారులోని పాత వాటా ఖాళీచేసి మూడో వీధిలో కొత్త ఇంట్లోకి మారాడు. ఊరంతటికీ తెలుసు, మేస్త్రికి తప్ప. ఆ ఇంటి తాళం ఆయన బిగించింది కాదు మరి.

పన్నెండింటికి మేస్త్రి భోజనం దగ్గర లేడు, పోలీసు స్టేషనులో బల్ల మీద ఉన్నాడు. ఎదురుగా ఎస్సై కుర్చీలో, పక్కన టైల్స్ షావుకారు నిలబడి. షావుకారి కోపంలో నటనేమీ లేదు. ఇల్లు కట్టుకుని నెల తిరగలేదు, పోటీదారు పట్టపగలు తాళం తీసి లోపలికెళ్ళి కాగితాలు పట్టుకొచ్చాడు, ఆ దృశ్యాన్ని అతని బావమరిదే ఊరంతటికీ చూపించాడు.

"ఇంత ధైర్యం ఏమిటి మేస్త్రీ? మీరంటే నాకు గౌరవం ఉండేది," అన్నాడు షావుకారు.

"తలుపెందుకు తీశారు?" అన్నాడు ఎస్సై.

"తీయమన్నారండీ."

"ఎవరు?"

మేస్త్రి నేల చూపులు చూశాడు.

"మా ఇంట్లో ఆ టైముకు మా అమ్మ ఒక్కతే ఉంది. అడిగాను. తను పడుకుందట, ఏ సంగతీ తెలియదట," అన్నాడు షావుకారు.

పాపం, ముసలావిడ కొడుకు మొహం చూసి హడలిపోయి ఉంటుందని మేస్త్రి అనుకున్నాడు. ఒక్క ముక్క చెబితే తను బయటపడతాడు, ఆవిడ పెట్టె సర్దుకుని గాలాడని ఇంటికి బయలుదేరుతుంది. ఎస్సై మూడుసార్లు అడిగాడు. మేస్త్రి మూడుసార్లూ నీళ్ళు నమిలాడు.

"ఏం పోయిందో చెప్పండి, కేసు రాస్తాను," అన్నాడు ఎస్సై చివరికి షావుకారితో.

షావుకారు ఆలోచించాడు. "కరపత్రాలు పోయాయి."

"అవి ఏం చేశాడు?"

"నాలుగిళ్ళలో పంచాడు."

"మీకు ఓటేయమని?"

ఎస్సై కలం మూత పెట్టేశాడు. ఇలాంటి దొంగతనానికి ఏ సెక్షను వర్తిస్తుందో చూసి పిలుస్తానని ఇద్దర్నీ పంపించేశాడు.

కేసు లేకపోయినా కథ ఆగలేదు. మధ్యాహ్నానికి మేస్త్రి తాళం తీశాడన్నారు. సాయంకాలానికి బీరువా తీశాడన్నారు. సోమవారం ఉదయానికల్లా, ఇరవయ్యారేళ్ళుగా తను చేసిన ప్రతి తాళంచెవికీ ఒక నకలు చేసి మేస్త్రి డబ్బాలో దాచుకున్నాడనీ, ఊరంతా ఆ డబ్బాలో ఉందనీ తేలిపోయింది. చూశామన్నవాళ్ళు కూడా ఇద్దరు దొరికారు. ఒకరు డబ్బా ఎర్రటిదన్నారు, ఒకరు పచ్చటిదన్నారు.

దాంతో ఊరు బెంబేలెత్తి, తాళాలు మార్చేయాలని ఒక్కసారిగా నిర్ణయించుకుంది. ఎవరికివారే బయలుదేరారు. బయలుదేరాక గుర్తొచ్చింది, ఊళ్ళో తాళాలు మార్చేవాడు ఒక్కడే ఉన్నాడని.

ముందుగా లెక్కల టీచరమ్మ వచ్చి షాపు ముందు గోతికి ఇవతల నిలబడింది. "మేస్త్రీ, మా వీధి తలుపు తాళం మార్చాలి. మీ మీద అనుమానమని కాదు."

"మరెవరి మీదమ్మా?"

ఆవిడ అబద్ధం చెప్పలేని మనిషి. "మీ మీదే. కాని మీరు తప్ప ఇంకొకరు లేరు కదా."

"అలాగేనమ్మా, వస్తాను," అన్నాడు మేస్త్రి.

కొత్త తాళం బిగించి, మూడు తాళంచెవులూ ఆవిడ చేతిలో పెట్టాడు. "నాలుగోది లేదని నమ్మకమేమిటి?" అంది. "లేదమ్మా," అన్నాడు మేస్త్రి. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, తాళంచెవులు కొంగున కట్టుకుని, "కాఫీ తాగుతారా?" అంది.

ఆ రెండు రోజుల్లో మేస్త్రి వెళ్ళని ఇల్లు లేదు. మైకుకు ఒళ్ళు మండిపోయింది. "దొంగ అన్నవాళ్ళకు నువ్వే వెళ్ళి తాళాలేస్తావా? ఏమైనా సిగ్గుందా బావా?"

"వాళ్ళు భయపడుతున్నార్రా. భయపడితే నిద్రెలా పడుతుంది?"

అలా అన్నాడే గాని, మంగళవారం కాంపౌండరు ఇంటి గుమ్మంలో కూర్చున్నప్పుడు ఆయనకు పని సాగలేదు. ఆ ఇంటి కూతురు రెండేళ్ళప్పుడు స్నానాలగదిలో గడియ వేసేసుకుని గుక్కపట్టి ఏడుస్తుంటే, తలుపు చెక్క చెక్కుచెదరకుండా తీసి పిల్లను ఎత్తుకుని బయటికి తెచ్చినవాడు మేస్త్రి. ఆ రోజు కాంపౌండరు ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. ఇవాళ పేపరు అడ్డం పెట్టుకుని లోపలే కూర్చున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకెళ్తోంది. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, "మా నాన్నకు భయమెక్కువండీ. మీరేమీ అనుకోకండి," అంది. మేస్త్రి తల ఊపి మర బిగించాడు. రెండుసార్లు మర జారిపోయింది. ఆయన చేతిలో మర జారడం షాపు పెట్టాక అదే మొదలు.

ఇంటికొచ్చి భార్యతో, "ఓడిపోయినా బాధలేదే. దొంగ అన్న ఆ మాట ఒకటి పోతే చాలు," అన్నాడు.

"అసలు ఆ తలుపు ఎవరు తీయమన్నారండీ? నాకైనా చెప్పరా?"

"చెప్పనని మాటిచ్చాను."

భార్య చీలమండకు మందు రాసుకుంటూ, "మాటివ్వడానికి కూడా సమయం సందర్భం ఉండాలి," అని మాత్రం అంది.

ఇక అటువైపు టైల్స్ షావుకారు కూడా ఊరుకోలేదు. తాళాలు మార్చడానికి మేస్త్రిని పిలవలేని ఇల్లు ఊళ్ళో ఆయనదొక్కటే కాబట్టి, నగరం నుంచి కంపెనీ మనిషిని రప్పించి వేలిముద్ర తాళం పెట్టించాడు. బయటినుంచి తీయాలన్నా వేలే, లోపలినుంచి తీయాలన్నా వేలే. లోపల కూడా ఎందుకని కంపెనీ మనిషి అడిగితే, "దొంగ దూరినా బయటపడలేడు," అన్నాడట. దొడ్డి తలుపుకు అడ్డంగా టైల్స్ పెట్టెలు కప్పుదాకా పేర్పించాడు. కిటికీలకు ఊచలు ఎటూ ఉన్నాయి.

బుధవారం ఉదయం ఏడింటికి షావుకారు తెల్లచొక్కా తొడుక్కుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని ఓటుకు బయలుదేరి తాళం మీద వేలు పెట్టాడు.

"క్షమించండి, మిమ్మల్ని గుర్తించలేకపోతున్నాను," అంది తాళం తీయటి ఆడగొంతుతో.

వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే మాట. భార్య పెట్టింది, కొడుకులిద్దరూ పెట్టారు, కోడలు పెట్టింది. ఊళ్ళో ప్రతి గోడ మీదా బొమ్మ ఉన్న మనిషిని సొంత తలుపు ఆనవాలు పట్టలేదు. కంపెనీకి ఫోను చేస్తే రేపు మధ్యాహ్నం వస్తామన్నారు. తలుపు బద్దలు కొడదామంటే లోపల కొట్టడానికి ఏమీ లేదు. షాపులో పనివాళ్ళు బయటినుంచి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే తాళం ఇంకా బిగుసుకుని, ఇంగ్లీషులోకి మారింది. పదైంది, పదకొండైంది, ఒంటిగంటైంది. ఇంట్లో ఆరు ఓట్లు. బయట పోలింగు ఏజెంట్లు నాయకుడి కోసం దిక్కులు చూస్తున్నారు.

"మేస్త్రిని పిలవండి," అంది భార్య.

"ప్రాణం పోయినా ఆ దొంగను పిలవను!"

మూల కుర్చీలో కూర్చున్న ముసలావిడ అప్పుడు లేచింది. మూడు రోజులుగా ఆవిడ సరిగా అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు అందరూ.

"దొంగ కాదురా," అంది. "నేనే పిలిచాను. పాలు పెట్టుకుని బయటికెళ్ళాను, తలుపు పడిపోయింది. నీకు చెప్పొద్దని అతని దగ్గర మాట తీసుకున్నాను. స్టేషనులో కూడా చెప్పలేదటగా. కన్నకొడుకువి, నీకు చెప్పడానికి నేను భయపడ్డాను. ముక్కూ మొహం తెలియనివాడు నాకోసం దొంగనిపించుకున్నాడు." ఆగి ఊపిరి తీసుకుంది. "పంపిస్తే పంపించు మీ అన్నయ్య దగ్గరికి."

షావుకారు తల్లిని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాడు. తరువాత ఫోను తీశాడు.

మేస్త్రి ఇంట్లో ఫోను ఎత్తింది మైకు. విషయం వినగానే అతని మొహం వెలిగిపోయింది. "బావా, ఆరు ఓట్లు! ఆరుకు ఆరూ లోపలే! పోలింగు ఐదింటిదాకా. ఐదూ పదికి వెళ్ళి తీద్దాం. మనం రామన్నట్టు కాదు, వాళ్ళకు సాయం చేయలేదన్న మాటా రాదు!"

మేస్త్రి అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు. భార్య వంక చూశాడు.

"పెద్దావిడ కూడా లోపలే ఉందా?" అంది భార్య.

"ఉందట."

"వెళ్ళండి మరి. కాని వచ్చేటప్పుడు వాళ్ళ కరపత్రాలు పట్టుకురాకండి."

మేస్త్రి వెళ్ళేసరికి మూడో వీధి వీధంతా అక్కడే ఉంది. ఎస్సై కూడా వచ్చాడు. మైకు అలవాటుకొద్దీ లైవు పెట్టాడు. మేస్త్రి తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తాళానికి చెవి ఆనించగానే, కిటికీ ఊచల్లోంచి ముసలావిడ గొంతు వినబడింది. "నాయనా, నువ్వేనా? అందరూ వినండి! ఆ రోజు తలుపు నేనే తీయించాను! పాలు పొంగుతుంటే నేనే తీయించాను!" ఆ గొంతు మైకు గొంతుకు తీసిపోలేదు. జనంలో కాంపౌండరు తల దించుకున్నాడు. లెక్కల టీచరమ్మ మాత్రం, తనకు ముందే తెలుసన్నట్టు పక్కవాళ్ళ వంక చూసింది.

ఈ తాళం మేస్త్రికి కొత్త. చెవి ఆనిస్తే లోపల పళ్ళ చప్పుడు లేదు, ఏదో సన్నగా గుయ్యిమంటోంది. దాని జోలికి పోకుండా, బయటికి కనబడే తలుపు బందుల వైపు తిరిగి ఆరు మరలూ ఊడదీసి, మనుషుల సాయం పట్టి తలుపుకు తలుపే పక్కకు తీసి గోడకు ఆనించాడు. "సారీ, ఐ కెనాట్..." అంటూనే ఉంది తాళం గోడ వైపు తిరిగి.

షావుకారు బయటికొచ్చాడు. తెల్లచొక్కా చెమటకు తడిసిపోయింది. జనం ముందే మేస్త్రి చేయి పట్టుకున్నాడు. "తప్పు నాది మేస్త్రీ. ఇంకేం చెప్పను? నా ఓటు మీకే."

"అయ్యో, అదేం మాటండీ!"

"వేస్తాను. మా అమ్మ మీద ఒట్టు."

ఆ ఉదయం కూడా తాళాలు మార్చే హడావిడిలో పడి మేస్త్రి ఇంకా ఓటు వేయలేదు. ఇద్దరూ కలిసే పోలింగు జరిగే బడిదాకా నడిచారు, కలిసే వరసలో నిలబడ్డారు. ముందు షావుకారు లోపలికెళ్ళి వచ్చి, మేస్త్రి వంక చూసి తల ఊపాడు. తరువాత మేస్త్రి వెళ్ళాడు. ఆయనకు కాస్త ఎక్కువసేపే పట్టింది. మీట నొక్కిన చప్పుడు ఎంతకీ రాకపోతే ఏజెంటు దగ్గాడు కూడా.

శుక్రవారం ఉదయం లెక్కింపు. నిచ్చెనకు నాలుగు వందల పన్నెండు. దువ్వెనకు నాలుగు వందల పదకొండు. మైకు గొంతు చించుకుని మళ్ళీ లెక్కపెట్టించాడు. మళ్ళీ పన్నెండూ పదకొండే.

ఓడిపోయిన మేస్త్రి షాపు తెరిచి పనిలో కూర్చున్నాడు. పదిమందీ వచ్చి పలకరించి వెళ్ళారు. కాంపౌండరు వచ్చి, బాగానే ఉన్న తాళం ఒకటి బాగుచేయమని ఇచ్చి వెళ్ళాడు. పదకొండింటికి షావుకారు పూలదండ కూడా తీయకుండా వచ్చాడు. వెనకాల ఇద్దరు కూలీలు, మట్టి ట్రాక్టరు.

"ముందు ఈ గొయ్యి పూడ్చండి," అని వాళ్ళకు చెప్పి, మేస్త్రి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఎక్కడో అవమానం జరిగినట్టుంది ఆయన మొహం. "మేస్త్రీ, మీరు నమ్ముతారో నమ్మరో, నా ఓటు మీకే వేశాను. మా అమ్మ కూడా మీకే వేసిందట. అయినా ఎలా గెలిచానో నాకు అంతుపట్టడం లేదు. మీవాళ్ళలోనే ఎవరో ఒకరు అటునుంచి ఇటొచ్చి ఉండాలి."

"నాకూ అదే అనుమానం!" అంది కారియరు తెచ్చి షాపు లోపల కూర్చున్న మేస్త్రి భార్య. "ఒక్క ఓటు! ఆ ఒక్కడూ దువ్వెనకు వేసి ఉంటే మనమే గెలిచేవాళ్ళం. ఎవడో మన ఉప్పు తిన్నవాడే!"

మేస్త్రి తలెత్తలేదు. ఆకురాయితో తాళంచెవి పళ్ళు మరింత శ్రద్ధగా రాస్తున్నాడు. ఎదుటి మనిషి తల్లి మీద ఒట్టేసి తన ఓటు మనకిచ్చేసి వస్తే, మనం లోపలికెళ్ళి సొంత గుర్తు మీద నొక్కుకుని రావడం ఆయనకు మహా సిగ్గుగా తోచింది. వేలు దువ్వెన మీదే పెట్టాడు, కాని నొక్కలేకపోయాడు. ఒక్క ఓటుతో ఏం మునిగిపోతుందిలే అనుకుని నిచ్చెన మీదికి జరిపాడు.

భార్య, మైకు కలిసి ఆ సాయంకాలమే ద్రోహి కోసం అనుమానితుల జాబితా మొదలుపెట్టారు. ఇప్పటికి నలభై రెండు పేర్లయ్యాయి, ఇంట్లోవాళ్ళ దాకా ఇంకా రాలేదు.